విరగని అంకె

పోయిన నెల మా పాత కార్ఖానా వాళ్ళ ఫోన్ గ్రూపులో ఆయన ఫోటో వచ్చింది. ఫోటో కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్య, ఒకప్పుడు మాకు మేనేజరుగా ఉండి ఇప్పుడు ఎక్కడో పెద్ద పదవిలో ఉన్న మనిషి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాడు. తెలుగులో చెబితే ఇంతే: “ఫోను ఒక్క సెకనులో చెప్పేదానికి మూడేళ్ళు ఖర్చుపెట్టిన అమాయకుడు. ఆత్మకు శాంతి కలగాలి.” దానికి కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. చావు కబురు కింద నవ్వు బొమ్మలు!

నాకు ఒళ్ళు మండింది. జవాబు రాయబోతే ఆ బుల్లి గడిలో నా కోపం పట్టలేదు. రెండు వారాలు పోయేసరికి కోపం కాస్త చల్లారింది గానీ చెప్పాల్సింది అలాగే ఉండిపోయింది. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాత పుస్తకాల అంగళ్ళలో కొన్న పుస్తకాల్లోంచీ, పక్కన నిఘంటువు పెట్టుకునీ నేర్చుకున్నదే. కాబట్టి నా రాతలో వంకలు దొరుకుతాయి. లెక్కలో మాత్రం దొరకవు. ఒకసారి దొరికింది, ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ఆయన బెంగళూరు పీణ్యలో గేర్లు కోసేవాడు. నేను అదే కార్ఖానాలో ఇన్‌స్పెక్టర్ని. ఆయన కోసిన గేరు నా బల్ల మీదికి వచ్చేది. నేను కొలిచి, సరిగా ఉంటే కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి. ఆ సంతకం లేనిదే సరుకు గేటు దాటదు. కోసినవాడు తన పనిని తానే కొలుచుకుని ‘బాగుంది’ అంటే చెల్లదు. షాపులో, అంటే మా కార్ఖానాలో, చేరిన మొదటి రోజే ఎవరికైనా చెప్పే రూలు అది. మా ఇద్దరి స్నేహం ముప్పై ఏళ్ళ పైన ఆ రూలు మీదే నడిచింది. ఆయన కోసేవాడు, నేను తప్పు పట్టేవాణ్ణి, సాయంత్రం ఇద్దరం కలిసి కాఫీ తాగేవాళ్ళం.

పాత మెషీన్ల మీద గేరు కోయాలంటే ముందు దాని పళ్ళ లెక్కను ముక్కలు చేసుకోవాలి. డెబ్బై రెండు పళ్ళు కావాలంటే ఎనిమిది తొమ్మిదులు, లేదా ఆరు పన్నెండులు. ఆ ముక్కలకు సరిపడే చిన్న గేర్లను పెట్టెలోంచి ఏరి మెషీను పక్కన తగిలిస్తే అది సరిగ్గా డెబ్బై రెండు పళ్ళు కోస్తుంది. ముక్కలు కాని లెక్క వచ్చినప్పుడే తంటా. నూట ఇరవై ఏడునే చూడండి. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు. పెట్టెలో సరిగ్గా అన్ని పళ్ళ గేరే ఉండాలి, లేకపోతే నానా తిప్పలు పడాలి. ఇలాంటివాటిని బడి పుస్తకాలు ప్రధాన సంఖ్యలు అంటాయి. ఆయన ‘విరగనివి’ అనేవాడు. తక్కినవన్నీ ‘విరిగేవి’. లోకంలో ఉన్న అంకెలన్నీ ఆయనకు ఈ రెండు జాతులే.

పొట్టి మనిషి. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఆలోచించేటప్పుడు ఎడమ అరచేతిని పలక చేసుకుని కుడి చూపుడువేలితో దాని మీద రాసేవాడు. రాసింది తప్పనిపిస్తే ఆ అరచేతిని ప్యాంటుకు గట్టిగా తుడుచుకునేవాడు, నిజంగానే అక్కడ ఏదో రాసి ఉన్నట్టు. తుమకూరు రోడ్డు దాటేటప్పుడు ఎదురుగా వచ్చే లారీని చూసేవాడు కాదు, దాని నంబరు విరుగుతుందా అని చూసేవాడు. రెండు మూడు సార్లు నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

“ఏమప్పా, అట్ల లాగితే ఎట్ల? పదమూడుతో పోతాండాది, ఇంగ ఒక్క అడుగు ఉండె.”

“లారీతో పోతాండావు అన్నా నువ్వు,” అనేవాణ్ణి.

కార్ఖానా ఎదురుగా ఉన్న దర్శినిలో, నిలబడి తినే హోటల్లో, డబ్బు కట్టగానే నంబరు వేసిన టోకెన్ ఇస్తారు. నంబరు పిలిస్తే వెళ్ళి ఇడ్లీ తెచ్చుకోవాలి. ఆయనకు విరిగే నంబరు వస్తే అక్కడ నిలబడ్డ ఎవరితోనైనా మార్చుకునేవాడు. ఒకసారి ఒక లారీ డ్రైవరు చేతిలో ముప్పై ఏడు చూశాడు.

“అది నాకియ్యప్పా. నాది ముప్పై ఆరు, నువ్వు పెట్టుకో. దాన్ని ఎన్ని ముక్కలు కావాలంటే అన్ని చేసుకోవచ్చు.”

డ్రైవరు టోకెన్లు రెండూ చూసి, “నీదే ముందు పిలుస్తారు గదయ్యా, నీకే నష్టం,” అన్నాడు.

“నాకు తొందర ల్యా,” అన్నాడు ఈయన, ముప్పై ఏడును జేబులో వేసుకుంటూ.

ఆయనకు విరగని వాటి మీద అంత ప్రేమ ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అడిగితే ఒకరోజు రెండు గేర్లు తెచ్చి నా బల్ల మీద కలిపి తిప్పాడు. ఇరవై పళ్ళది ఒకటి, నలభై పళ్ళది ఒకటి. చిన్నదాని పన్ను ఒకదానికి సుద్ద రాశాడు. ఎన్నిసార్లు తిప్పినా ఆ పన్ను పెద్దదాంట్లో అవే రెండు సందుల్లో పడుతోంది. తర్వాత ఇరవై తీసేసి ఇరవై మూడు పళ్ళది పెట్టాడు. ఈసారి సుద్ద పన్ను తిరిగిన ప్రతిసారీ కొత్త చోటికి పోయింది. చివరికి పెద్ద గేరులో సుద్ద అంటని సందు లేదు.

“చూస్తివా? మొదటి జతలో అదే పన్ను పోయి అదే సందును కొరుకుతాది. ఒక చోట కసురో లోపమో ఉంటే అక్కడే అరిగి చస్తాది. విరగనిదాన్ని పెట్టినామంటే అందరితో అందరికీ పని పడతాది. అరుగుదల పంచుకుంటారు.”

ఆ తర్వాత మొగుడూ పెళ్ళాల తగాదాలైనా, ఫోర్‌మనుకూ హెల్పర్లకూ గొడవలైనా ఆయన తీర్పు ఒక్కటే: “ఇరవై నలభై జతప్పా వాళ్ళది.”

ఇక ఆ అంకె సంగతి. తొమ్మిదేళ్ళ కింద కార్ఖానాకు కంప్యూటర్ గేరు మెషీను వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టాక, దాన్ని అమర్చడానికి వచ్చిన మనిషి మీటలు పరీక్షించాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా నొక్కాడు. సున్నా నొక్కితే పడలేదు. మీటలన్నీ బిగుసుకుపోయాయేమోనని మళ్ళీ ఒకటి నొక్కాడు. పడింది. తెర మీద 1234567891 అని వచ్చింది.

మేనేజరు మా వైపు తిరిగి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. “ఇంక మీకు రెస్ట్. ఎన్ని పళ్ళు కావాలో కొడితే చాలు, అదే కోసుకుంటుంది. అంకెలు విరగ్గొట్టే పని లేదు. ఆ గేర్ల పెట్టె స్క్రాప్‌కు వేసేయండి.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. ఆ చప్పట్లలోనే ఒక పనివాడి పనితనం మొత్తం పాత ఇనుముకు పోయిందని ఎవడూ గమనించలేదు. ఆయన మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. ఎడమ అరచేయి పైకి లేచింది.

“మూడుతో పోదు. ఏడుతో నాలుగు మిగుల్తాది. పదకొండుతో ఏడు.” కాసేపు గొణిగి నా వైపు తిరిగాడు. “ఇన్‌స్పెక్టరూ, ఇది విరుగుతాదంటావా?”

“దేనికన్నా ఇప్పుడు? నూట ఇరవైమూడు కోట్ల పైన పళ్ళుండే గేరు ఎవరైనా అడిగినారా?”

“ఎవురూ అడగలే. సుమ్నే, ఊరికే. నాకు తెలియాల.”

ఆ ‘నాకు తెలియాల’ మూడేళ్ళు సాగింది.

పద్ధతి ఆయనే కనుక్కున్నాడు. ఒక అంకె రెండు ముక్కలైతే రెండూ మరీ పెద్దవి కాలేవు, గుణిస్తే అసలు అంకెను దాటిపోతాయి. కాబట్టి చిన్న ముక్క ముప్పై అయిదు వేల నూట ముప్పై ఆరు లోపలే ఉండాలి. అందాకా ఉన్న విరగనివాటన్నిటితో భాగించి చూస్తే చాలు. ఒక్కదానితోనైనా శేషం లేకుండా పోయిందా, విరిగినట్టు. ఏదీ పోకపోతే విరగనట్టు. అలాంటి భాగహారాలు మూడు వేల ఏడు వందల పైచిలుకు తేలాయి. వంద పేజీల నోటు పుస్తకాలు అయిదు కొన్నాడు. పేజీకి ఎనిమిది భాగహారాలు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక, కొత్త మెషీను తనంతట తాను కోసుకుంటూ ఉంటే, దాని పక్కనే స్టూలు వేసుకుని మూడో నాలుగో చేసేవాడు. కాలిక్యులేటర్ ఇస్తానంటే, “అది దారి చూపించదప్పా, ఊరు చేరినావంటాది అంతే,” అనేవాడు.

పేజీ నిండితే నా బల్ల మీదికి వచ్చేది. మా రూలు అక్కడా తప్పలేదు. నేను విడిగా మళ్ళీ భాగించి, శేషాలు కలిస్తే కింద సంతకం పెట్టాలి. సంతకం లేని పేజీ లెక్కలోకి రాదు. నాకు విసుగు పుట్టిన రోజులున్నాయి. అయినా చేసేవాణ్ణి. నూట ఇరవై ఏడు దగ్గర రెండు మిగిలిందని ఆయన మొహం వాడిపోయిన రోజు నాకిప్పటికీ జ్ఞాపకం. “పాత స్నేహితుడు, వాడైనా విరుస్తాడనుకుంటి,” అన్నాడు. విరగాలని కోరుకుంటున్నాడో, విరగకూడదని కోరుకుంటున్నాడో నాకు తెలిసేది కాదు. ఆయనకూ తెలిసేది కాదనుకుంటాను.

మూడో పుస్తకం నడుస్తుండగా ఒక సోమవారం మేనేజరు అందర్నీ పిలిచి, నా పక్కన డిగ్రీ చదివిన కుర్రవాణ్ణి ఒకణ్ణి నిలబెట్టాడు. “కస్టమర్లు క్వాలిఫికేషన్ అడుగుతున్నారు. సెవెంత్ క్లాస్ సిగ్నేచర్ అంటే బాగుండదు కదా. రేపటి నుంచి ఈయన కౌంటర్‌సైన్ చేస్తారు.” అందరి ముందూ అన్నాడు. మైక్రోమీటరును ఏ వైపు పట్టుకోవాలో ఆ కుర్రవాడికి నేనే నేర్పించాలి, వాడు నా సంతకం మీద సంతకం చేయాలి! ఇరవై ఎనిమిదేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన సరుకు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

ఆ వారమంతా నాలో నేను ఉడికిపోయాను. ఆయన పేజీలు వస్తూనే ఉన్నాయి. నేను తెరిచి చూడలేదు. విలువ లేని సంతకానికి కొలత ఎందుకని, పేజీ అడుగున సంతకం గీకి పారేశాను. ఒకటి కాదు, ఎన్నో. తర్వాత కోపం తగ్గింది, మళ్ళీ సరిగ్గా చూడడం మొదలుపెట్టాను. గుడ్డిగా వదిలేసినవాటిని వెనక్కి వెళ్ళి చూడలేదు. చూద్దాంలే అనుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

చివరి భాగహారం ముప్పై అయిదు వేల నూట ఇరవై తొమ్మిదితో. శేషం మిగిలింది. నేను సంతకం పెట్టాను. మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు కేజీల మైసూర్‌పాక్ తెచ్చి షాపంతా పంచాడు. డిజైన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, కుందలహళ్ళి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది, మాది నెల్లూరు అని చెప్పేది, ముక్క నోట్లో వేసుకుని అడిగింది.

“ఏంటి సర్ స్పెషల్? మనవరాలు పుట్టిందా?”

“అది విరగదని తేలిందమ్మా,” అని అంకె చెప్పాడు.

ఆ అమ్మాయి ఫోను తీసి కొట్టింది. “అవును సర్, ప్రైమే! కరెక్ట్.” అందరూ నవ్వారు. మేనేజరు, “త్రీ ఇయర్స్ ఫర్ దిస్!” అని ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. “సారీ సర్, నేను జస్ట్ చెక్ చేశానంతే.”

“దానికేం తల్లీ, మంచిదే చేస్తివి. నీ ఫోనుకు సంతకం ఎవురు పెట్టినారు?”

“అంటే... ప్రోగ్రామ్ సర్. వేలమంది టెస్ట్ చేసుంటారు.”

“చేసుంటారు. అబద్ధమని నేననట్లే. ఆ వేలమందిలో నేను లేను గదమ్మా. ఇదిగో, దీన్ని నేను చేసినా. ఈయప్ప చూసినాడు.” నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. “నాకు ఈ సంతకం ఉండాది.”

అందరూ నా వైపు చూశారు. నేను చేతిలో మిగిలిన మైసూర్‌పాక్ ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఏడాదిన్నర నోరు మెదపలేదు నేను. ఈలోగా ఆయన కళ్ళకు నీటికాసులు పట్టుకున్నాయి. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. పని మానేశాడు. ఒక ఆదివారం దాసరహళ్ళిలో వాళ్ళింటికి వెళ్తే, పుస్తకాలు అయిదూ ఒడిలో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. చదవలేడు. ఊరికే పేజీలు తడుముతున్నాడు. వేలు ఒక్కో పేజీ అడుగుకు పోయి, నేను గట్టిగా నొక్కి సంతకం పెట్టిన గుర్తు మీద ఆగుతోంది. ఇక నా వల్ల కాలేదు.

“అన్నా, మూడో పుస్తకంలో కొన్ని పేజీలు నేను చూడకుండానే సంతకం పెట్టినా.”

ఆయన వేలు ఆగింది. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

“ఏ పేజీలు?”

“గుర్తులేదు. సంతకాలన్నీ ఒకే తీరుగా ఉండాయి.”

లోపల ఆమె, ఆయన భార్య, చిక్కుడుకాయలు వలుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

“ఒక పీసు కొలవకుండా పోయిందని తెలిస్తే షాపులో ఏం చేస్తాము?”

“ఆ లాటు సరుకంతా ఆపేస్తాము.”

“అంతే మళ్ళ. మూడో పుస్తకం తీసి పక్కన పెట్టు. అది తేలేదాకా నాకేం తెలిసినట్టు కాదు.”

“ఫోను కూడా విరగదనే చెప్పింది కదన్నా,” అన్నాను. ఎంత సిగ్గులేని మాటో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

“అది ఫోనుకు తెలిసింది.”

“అయితే నేను తీసుకుపోయి, వంద పేజీలూ మళ్ళీ చూసి తెస్తా.”

“కొలవకుండా పంపినోడి చేతికే లాటు మళ్ళా ఒంటిగా ఇస్తామా, ఇన్‌స్పెక్టరూ? ఇంగొకడు పక్కన కూర్చోవాల. నేను కూర్చుంటా.”

అలా ఆదివారాలు మొదలయ్యాయి. పేజీ మీద అట్ట కప్పి, భాగించే అంకె ఒక్కటే పైకి చదివేవాణ్ణి. నేను విడి కాగితం మీద, ఆయన అరచేతి మీద. కనబడని కళ్ళను పైకప్పు వైపు పెట్టి, వేలితో రాసుకుంటూ పది అంకెల దాన్ని అయిదు అంకెల దానితో భాగించేవాడు. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు పట్టేది. ఇద్దరి శేషాలూ కలిశాక అట్ట తీసి పుస్తకంలో ఉన్నది చదివేవాణ్ణి. మూడూ ఒకటైతేనే కొత్త సంతకం. ఆమె గుమ్మంలో కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ ఉండేది. వారానికి ఒక్క పేజీ. జ్వరాలూ, కంటి ఆపరేషనూ, పండగలూ వస్తే అదీ లేదు.

సగంలో, పదిహేడు వేల మూడు వందల ఎనభై తొమ్మిది దగ్గర దొరికింది. మా ఇద్దరికీ వెయ్యి యాభై ఎనిమిది వచ్చింది. అట్ట తీస్తే పుస్తకంలో వెయ్యి నూట యాభై ఎనిమిది. చివరి తీసివేతలో వందల స్థానంలో ఒకటి ఎక్కువ వేశాడు. కింద నా సంతకం, నిండుగా, అందంగా.

నేను తల దించుకున్నాను. ఆయన నవ్వు మొదలుపెట్టాడు. పళ్ళు లేని నోటితో, ఒళ్ళు ఊగేలా నవ్వాడు.

“చూస్తివా! దొరికిందా, ల్యాదా?”

“ఏం నవ్వన్నా. శేషం ఎట్లయినా మిగిలింది గదా, మాట మారలేదు గదా.”

“మారలేదని ఇప్పుడు తెలిసింది. ఇందాకటి దాకా అదృష్టంతో నిజమైంది. ఇప్పుడు చూసినాం కాబట్టి నిజం.”

ఆ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. డిగ్రీలు చదివి గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళకు ఎవరైనా దాన్ని వివరించి చెప్పండి, నాకు ఓపిక లేదు. ఆ అంకె విరుగుతుందా లేదా అనేది ఆయనకు మూడేళ్ళ ముచ్చటే. తనకు తెలుసు అని ఎప్పుడు అనొచ్చు, ఎప్పుడు అనకూడదు అన్నది మాత్రం ఆయన జీవితమంతా పట్టుకున్న కొలత. దాన్ని నేను చెడగొట్టాను. ఒక్కమాట కూడా అనకుండా, పక్కన కూర్చుని నా చేతనే సరిచేయించాడు.

ఎనభై ఆరు పేజీలు అయ్యాయి. ఎనభై ఏడోదానికి నేను వెళ్ళేలోపు, గురువారం పొద్దున, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే ఒరిగిపోయాడట.

పదకొండో రోజు వెళ్ళాను. ఫోటోకు దండ వేసి, ముందు నోటు పుస్తకాలు అయిదూ పేర్చారు. అల్లుడు మంచివాడే, హెబ్బగోడిలో పనిచేస్తాడు. నన్ను పక్కకు పిలిచి మూడో పుస్తకం చేతికిచ్చాడు.

“అంకుల్, ఇందులో లాస్ట్ పద్నాలుగు పేజీలకు మీ కొత్త సైన్ లేదు. పెట్టేస్తే కంప్లీట్ అయిపోతుంది. మామగారి ఆత్మకు హ్యాపీగా ఉంటుంది.”

పెన్ను కూడా తెరిచి ఇచ్చాడు. చుట్టూ చుట్టాలు. పద్నాలుగు గీతలు, అర నిమిషం పని. ఆ పేజీల్లో తప్పులు ఉండకపోవచ్చు. ఉన్నా మాట మారదు. ఫోను ఎప్పుడో చెప్పేసింది. అందరికీ తృప్తి.

“పెట్టను నాయనా,” అన్నాను.

“ఎందుకంకుల్? ఫార్మాలిటీనే కదా.”

“చూడలేదు కాబట్టి.”

ఎవరో, “ముసలాయనకు ఇదేం పట్టుదల, ఈ రోజున కూడానా,” అన్నారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పదకొండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదట.

“పెట్టద్దులే అప్పా,” అంది. “ఆయప్ప ఉంటే ఆ పెన్ను ఇసిరికొట్టుండు. ఇంగ ఎన్ని ఉండాయి?”

“నూట పన్నెండు భాగహారాలు వదినా. ఇంకొకరు పక్కన కూర్చోకుండా నేను ఒక్కణ్ణే చేయకూడదు.”

“నేను కూర్చుంటా. ఆదివారం రా.”

“నువ్వా?”

“ఏం, నాకు భాగారం రాదనుకున్యావా? నువ్వు బడి ఇడిసిపెట్టింది ఏడులో. నేను ఎనిమిది పాసు.”

మొన్న ఆదివారం వెళ్ళాను. ఎనభై ఏడో పేజీ మీద అట్ట కప్పి, మొదటి అంకె చదివాను. ఇరవై వేల రెండు వందల నలభై తొమ్మిది. నేను పది నిమిషాల్లో ముగించాను. ఆమెకు ముప్పావుగంట పట్టింది. పాత క్యాలెండరు వెనక, పెన్సిలుతో, అంకెలు ఒకదాని కింద ఒకటి ముగ్గు చుక్కల్లా పేర్చుకుంటూ చేసింది. మధ్యలో ఒకసారి లేచి పొయ్యి కట్టేసి వచ్చింది. నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను.

“ఆరు వేల ఆరు వందల పది,” అంది చివరికి.

నాది ఆరు వేల అయిదు వందల పది.

“కలవలేదు వదినా. ఇంకోసారి చూసుకో,” అన్నాను మెల్లగా, నొచ్చుకుంటుందేమోనని.

ఆమె కదల్లేదు. కళ్ళజోడు మీదుగా నన్ను చూసింది.

“నేను రెండు తూర్లు చేసినా. నువ్వు చూసుకో.”

మళ్ళీ చేశాను. తప్పు నాదే. చివరి వరస తీసివేతలో వంద ఎగరగొట్టేశాను. కొట్టివేసి ఆరు వేల ఆరు వందల పది అని దిద్దాను, అట్ట తీశాను. ఆయన రాతలో అదే అంకె. దాని పక్కన తేదీ వేసి కొత్త సంతకం పెట్టి, పెన్ను ఆమెకిచ్చాను. ఆమె వేళ్ళు తుడుచుకుని, నా సంతకం పక్కన తన పేరు పూర్తిగా, పొట్టలతో తలకట్లతో సహా నిదానంగా రాసింది.

“ఊఁ,” అంది. “తర్వాతది చెప్పు.”